పొడవాటి గొలుసుల శాస్త్రవేత్త: హెర్మన్ స్టౌడింగర్

మన ప్రాంతంలో పత్తి తెలియని ఇల్లు ఉండదు. ఆదోని మార్కెట్టుకు పోయే పత్తి బండ్లను చూస్తూ, ఎమ్మిగనూరు మగ్గాల గురించి వింటూ పెరిగినవాళ్ళం మేము. ఆ దూది పోగుకు అంత గట్టితనం ఎక్కడిదో తెలియాలంటే హెర్మన్ స్టౌడింగర్ గురించి తెలుసుకోవాలి.

ఆయన 1881 మార్చి 23న జర్మనీలోని వర్మ్స్ పట్టణంలో జన్మించారు. మొదట మక్కువ మొక్కల శాస్త్రం మీద. దానికి పునాదిగా ఉంటుందని రసాయనశాస్త్రం చదివి, అందులోనే ఉండిపోయారు. 1912లో జూరిచ్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

రబ్బరు, దూది వంటివి చిన్న చిన్న అణువులు గుంపుగా అతుక్కున్న ముద్దలని అప్పట్లో హేమాహేమీలే నమ్మేవారు. స్టౌడింగర్ 1920లో కాదన్నారు. వేలాది చిన్న అణువులు గట్టి రసాయన బంధాలతో కలిసి ఒకే పొడవాటి గొలుసు అవుతాయన్నారు. 1922లో రబ్బరుకు హైడ్రోజన్ కలిపి చూశారు. పాత సిద్ధాంతమే నిజమైతే ముద్ద విడిపోవాలి. విడిపోలేదు! అయినా పెద్దలు ఒప్పుకోలేదు. రబ్బరును బాగా శుద్ధి చేస్తే చిన్న అణువులే బయటపడతాయని, ఈ పట్టు వదిలేయమని తోటి ప్రొఫెసరే సలహా ఇచ్చారు. ఆయన వినలేదు. 1926లో ఫ్రైబర్గ్ చేరాక, గొలుసు పొడవు పెరిగేకొద్దీ ద్రావణం చిక్కబడుతుందని లెక్క కట్టి చూపారు. భార్య మాగ్దా వృక్షశాస్త్రవేత్త. ఆ పరిశోధనల్లో ఆమె కష్టమూ ఉంది.

పొడవే కాదు, అల్లిక కూడా ముఖ్యమే. కొమ్మలు లేని గొలుసులు దగ్గరగా సర్దుకుంటాయి కనుక నీళ్ళ డ్రమ్ము గట్టిగా ఉంటుంది. కొమ్మలున్నవి అలా సర్దుకోలేవు కనుక పాల ప్యాకెట్టు మెత్తగా సాగుతుంది. రెండూ పాలిథీనే! గంధకంతో గొలుసుల మధ్య అక్కడక్కడా ముడులు వేస్తే రబ్బరు టైరుకు పనికొస్తుంది. ముడులు లేకుంటే ఎండకు బంకవుతుంది. దూదిలోనైతే తిన్నని సెల్యులోజ్ గొలుసులు పక్కపక్కనే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. (పాలిమర్ల పాఠం బట్టీ పట్టే ఇంటర్ తమ్ముళ్ళు దీన్ని గమనించాలి.)

చదువుకే పరిమితమైన మనిషి కాదాయన. 1917లో యుద్ధం జోరుగా సాగుతుండగానే జర్మనీ గెలవలేదని బహిరంగంగా రాశారు. నాజీలు వచ్చాక ఆ రాతలే మెడకు చుట్టుకున్నాయి. రాజీనామా పత్రం రాయించి దగ్గర పెట్టుకున్నారు, విదేశాలకు వెళ్ళనివ్వలేదు. 1944 నవంబరులో బాంబుదాడికి ఆయన ప్రయోగశాల నేలమట్టమైంది. అప్పటికి ఆయనకు 63 ఏళ్ళు. మళ్ళీ మొదలుపెట్టారు.

నోబెల్ బహుమతి 1953లో, 72 ఏళ్ళ వయసులో వచ్చింది. కొమ్మలు లేని పాలిథీన్‌ను తేలికగా తయారుచేసే పద్ధతిని కార్ల్ జీగ్లర్ కనిపెట్టిందీ ఆ ఏడాదే. స్టౌడింగర్ 1965 సెప్టెంబరు 8న ఫ్రైబర్గ్‌లో కన్నుమూశారు.