పలుకకుండుట వేరు, మౌనము వేరు
(శ్రీ రమణ మహర్షి జీవితము)

తరగతిలో బాలురు అల్లరి చేయునపుడు ఉపాధ్యాయుడు బల్ల చరచి మౌనముగా నుండుడని ఆజ్ఞాపించును. నేనును పెక్కేండ్లుగా అట్లే అనుచుంటిని. నిజమునకు నేను కోరినది నిశ్శబ్దము మాత్రమే. నిశ్శబ్దము చోటునకు చెందినది. సెలవునాటి పాఠశాలకును అది కలదు. మూగతనము నోటికి చెందినది. మౌనమన్ననో, ముని యొక్క భావమని వ్యుత్పత్తి. అది మనస్సునకు సంబంధించినది. మన తెలుగున ఊరకుండుట యను చక్కని మాట యున్నది. పలుకకుండుట, దేనికిని పూనుకొనకుండుట అను రెండర్థములును అందు ఇమిడియున్నవి. అరవమున చుమ్మా ఇరు అను మాటయు ఇట్టిదే. ఈ పదముల తారతమ్యము నాకు నిఘంటువులకంటె శ్రీ రమణ మహర్షి చరిత్రమున స్పష్టముగా గోచరించినది. పైగా ఆ చరిత్రములో మన వీరశైవ గుహ యొకటి కలదు.

మహర్షి 1879 డిసెంబరు 30వ తేదీన మధుర ప్రాంతమునందలి తిరుచ్చుళి గ్రామమున సుందరమయ్యరు, అళగమ్మ దంపతులకు జన్మించెను. పేరు వేంకటరామన్. తండ్రి గతించిన పిదప మధురలో పినతండ్రి యింట నుండి చదువుకొనెను. 1896లో, పదునారేండ్ల ప్రాయమున, ఒకనాడు హఠాత్తుగా మరణభీతి కలిగెను. ఆ బాలుడు ఎవరినీ పిలువలేదు. శవమువలె నేలపై పరుండి, చచ్చునది ఏది, మిగులునది ఏది యని తనలో తానే పరిశీలించుకొనెను. కొన్ని వారములకే ఇల్లు విడిచి, సెప్టెంబరు 1వ తేదీన తిరువణ్ణామలై చేరెను.

ఆలయమునందలి పాతాళలింగపు చీకటిలో కూర్చుండగా పురుగులు తొడలను తొలిచినవి. తుంటరి పిల్లలు రాళ్లు రువ్విరి. అయినను నోట మాట రాలేదు. చూచినవారు మౌనవ్రత మనుకొనిరి. వ్రతమనగా సంకల్పము, గడువు, పారణ ఉండవలెను. ఇచ్చట ఆ మూడును లేవు. మాటాడవలెనను తలంపే పుట్టలేదు గాని, మాటను బిగబట్టుకొనుట కాదు.

1898 చివర తల్లి పెద్దకుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. మాసిన జడలతో, కౌపీనముతో పవళక్కున్రు గుట్టపై నున్న కొడుకును గుర్తించి, ఇంటికి రమ్మని దినదినమును వచ్చి విలపించెను. కుమారుడు కదలలేదు, పలుకలేదు. చివర కొక భక్తుడు జాలిపడి, వ్రాసియైన చెప్పుమని కాగితము నందించెను. కర్మానుసారముగా జరుగవలసినది జరుగుచుండునని, అందుచే ఊరకుండుటయే మేలని ఆయన వ్రాసిన దానికి తాత్పర్యము. తల్లి వెనుదిరిగెను. ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల నా మనస్సు తల్లి పక్షముననే నిలుచును. ఇది వైరాగ్యమా, కాఠిన్యమా యని నేను చాలకాలము తర్కించుకొంటిని.

1899 నుండి 1916 వరకు ఆయన కొండమీది విరూపాక్ష గుహలో వసించెను. విరూపాక్షదేవులు మన సంప్రదాయమునకు చెందిన మహనీయులు. వారి సమాధి ఆ గుహలోపలనే యున్నది. గుహపై హక్కుగల మఠమువారు కార్తిక దీపోత్సవ దినములలో యాత్రికులనుండి కొంచెము రుసుము వసూలు చేయు ఆచార ముండెడిది. వ్యాజ్యము కారణముగా కొంతకాల మది ఆగి, తీర్పు వచ్చిన పిదప మరల మొదలైనది. అప్పటికి స్వామి దర్శనమునకై జనము ఏడాది పొడుగునను వచ్చుచుండిరి. స్వామిని చూచుటకే రుసుము చెల్లింపవలసివచ్చెను. ఆయన తగవులాడలేదు, గుహ వెలుపల చెట్టునీడకు మారి కూర్చుండెను. వసూలుచేయువాడు ఆ చెట్టునుకూడ లోపలికి చేర్చుకొని హద్దు జరిపెను. స్వామి క్రిందనున్న మరియొక గుహకు వెడలిపోయెను. జనము రాక విరూపాక్ష గుహ వెలవెలబోగా, మఠమువారు సంగతి గ్రహించి, ఆయన యున్నంతకాలము రుసుము తీసికొనమని మాట ఇచ్చి మరల తోడ్కొని వచ్చిరి. ఇది మనవారి కథయే యైనను దాచవలెనని నాకు తోచలేదు. దిద్దుకొనినవారును మనవారే కదా!

అప్పటికే 1902 ప్రాంతమున శివప్రకాశం పిళ్ళ అడిగిన ప్రశ్నలకు ఆయన వ్రాసి చూపిన సమాధానములు నేనెవడను అను చిన్న గ్రంథమునకు మూలమైనవి. 1907 నవంబరు 18వ తేదీన బొబ్బిలి ప్రాంతీయుడైన కావ్యకంఠ గణపతిముని వచ్చి పాదములపై వ్రాలి, శాస్త్రములన్నియు చదివినను, జపములు చేసినను తపస్సన నేమో తెలియలేదని మొరపెట్టుకొనెను. స్వామి కొంతసేపు ఆయననే చూచుచుండి, తరువాత నోరు విప్పి బదులు చెప్పెను. రమణ మహర్షి యను పేరు ఆ తెలుగు పండితుడు ప్రకటించినదే. మాట అక్కరకు వచ్చినచోట మాట వచ్చెను. దానివలన మౌనమునకు భంగము కలుగలేదు.

1916లో తల్లి మరల వచ్చి ఈసారి కుమారునియొద్దనే నిలిచిపోయెను. కొంతకాలమునకు వాసము పైనున్న స్కందాశ్రమమునకు మారినది. 1922 మే 19వ తేదీన ఆమెకు అంత్యకాలము సమీపించెను. ఆనాడు మహర్షి ఒక చేయి తల్లి ఎదపైనను, ఒక చేయి శిరస్సుపైనను ఉంచి, రాత్రి ప్రాణము పోవువరకు కదలక కూర్చుండెను. గుట్టమీద ఏడ్చిన తల్లి ఆమెయే, పలుకని కొడుకు ఆయనయే. ఆనాటి ఊరకుండుటలో నాకు కానరాని దయ ఈనాటి ఊరకుండుటలో కానవచ్చినది. అది మొదటనే లేదని ఇప్పుడు అనజాలను.

ఆమె దేహమును దహింపక కొండక్రింద సమాధి చేసిరి. మనకిది పరిపాటియే గాని, గృహిణిగా జీవించిన బ్రాహ్మణ స్త్రీకి అది అపూర్వము. సమాధిపై మాతృభూతేశ్వర లింగము వెలసినది. కొన్ని నెలలకు మహర్షి కొండ దిగి ఆ సమాధిచెంతకు వచ్చి, 1950 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి తనువు చాలించువరకు అచ్చటనే యుండెను.