కొమర్రాజు వెంకట లక్ష్మణరావు

కొమర్రాజు వెంకట లక్ష్మణరావు (1877 మే 18 - 1923 జూలై 12) చరిత్ర పరిశోధకుడు, విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపకులలో ముఖ్యుడు, ఆధునిక పద్ధతిలో తెలుగు విజ్ఞాన సర్వస్వాన్ని నిర్మించడానికి పూనుకొన్న తొలి సంపాదకుడు. హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపనలోను ఆయనది ప్రధాన పాత్ర. సామాన్య గృహస్థు ఇంట పుస్తకాల బీరువా ఉండడం అరుదైన రోజులలో, ఆ బీరువా అరలలో ఉండదగిన తెలుగు గ్రంథాలను ఒక పథకం ప్రకారం వ్రాయించి, అచ్చువేయించి, పాఠకులకు చేర్చడం ఆయన జీవితకాల కృషి. సర్వస్వం మూడు సంపుటాలు వెలువడిన తరువాత, అకారం దాటకుండానే, 46 ఏళ్ళ వయసులో మరణించాడు.

బాల్యం

లక్ష్మణరావు కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పెనుగంచిప్రోలు గ్రామంలో జన్మించాడు. తండ్రి వెంకటప్పయ్య, తల్లి గంగమ్మ. మునేరు ఒడ్డున ఉన్న ఈ గ్రామం తిరుపతమ్మ ఆలయం వలన ప్రసిద్ధి చెందింది. జగ్గయ్యపేట, నందిగామ, పెనుగంచిప్రోలు ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో భాగమయ్యాయి. కాలువల నీరు పారే డెల్టాకు భిన్నంగా ఇది మెట్టసీమ. నిజాం రాజ్యపు సరిహద్దు ఈ సీమను ఆనుకొని ఉండేది. సరిహద్దుకు ఆవల, నిజాం గ్రామాల నడుమ ద్వీపం వలె ఉన్న మునగాల పరగణా కూడా అప్పట్లో కృష్ణా జిల్లాకే చెందేది. లక్ష్మణరావు జీవితంలో ఈ సరిహద్దు ప్రాంతానికి చాలా ప్రాధాన్యం ఉంది. ఆయన కృషి ఒకవైపు మద్రాసు రాజధానిలోను, మరొకవైపు హైదరాబాదు రాజ్యంలోను సాగింది.

ఆయనకు మూడేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. సవతి అన్న శంకరరావు సంరక్షణలో భువనగిరిలో ప్రాథమిక విద్య సాగింది. ఆయన అక్క భండారు అచ్చమాంబ (1874 - 1905). ఆడపిల్లలకు చదువు చెప్పించే ఆచారం లేని ఆ కాలంలో ఆమె తమ్ముడి పాఠాల పక్కన కూర్చొని చదవడం, వ్రాయడం నేర్చుకొన్నది. తరువాత తెలుగులో తొలి కథారచయిత్రులలో ఒకరుగా, అబలా సచ్చరిత్ర రత్నమాల కర్త్రిగా పేరు పొందింది. పాఠశాల లేకపోయినా ఇంటిలో పుస్తకం ఉంటే మనిషి ఎంతవరకు ఎదగగలడో లక్ష్మణరావుకు అక్క జీవితమే తెలియజెప్పింది.

నాగపూరు చదువు, మునగాల ఉద్యోగం

అచ్చమాంబ భర్త మాధవరావు ఉద్యోగరీత్యా మధ్య పరగణాలలో ఉండేవాడు. లక్ష్మణరావు వారివద్ద ఉండి నాగపూరులో చదివాడు. 1900లో బి.ఏ. పట్టం పొందాడు. ఆ తరువాత ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎం.ఏ. పూర్తిచేశాడు. తెలుగు, సంస్కృతం, ఆంగ్లం, మరాఠీ, హిందీ, బెంగాలీ, ఉర్దూ భాషలు ఆయనకు వచ్చు. మరాఠీలో వ్యాసాలు వ్రాసి ఆ భాషవారి మన్ననలు పొందాడు. చరిత్ర, శాస్త్రం వంటి విషయాలపై మరాఠీలోను, బెంగాలీలోను వెలువడుతున్న పుస్తకాలను చూచినపుడు తెలుగులో అటువంటివి దాదాపు లేవన్న లోటు ఆయనకు స్పష్టంగా తెలిసింది.

మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు ఆయనను తన సంస్థానంలో దివానుగా నియమించుకొన్నాడు. జమీందారు విద్యాభిమాని కావడం వలన దివాను పని గ్రంథసేవకు అడ్డు కాలేదు సరికదా అండగా నిలిచింది. మునగాల ప్రాంతం తరువాతి కాలంలో నల్గొండ జిల్లాలో కలిసి, 2016 నుండి తెలంగాణలోని సూర్యాపేట జిల్లాలో ఉంది.

భాషా నిలయం

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంటిలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ప్రారంభమైంది. దీని స్థాపనలో లక్ష్మణరావు, నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు ముఖ్యులు. పాలనాభాష ఉర్దూగా ఉన్న రాజ్యంలో తెలుగు పుస్తకాల కోసం ఒక నెలవు ఏర్పడడం చిన్న విషయం కాదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం ఏర్పడ్డాయి. గ్రంథాలయానికి గది దొరికింది, పాఠకులు వచ్చారు. కాని అరలు నింపడానికి కావ్యాలు, పురాణాలు, శతకాలు తప్ప వర్తమాన శాస్త్రాల గురించి తెలిపే తెలుగు పుస్తకాలు తగినన్ని లేవు. తరువాతి ప్రయత్నానికి ఈ కొరతే కారణమైంది.

విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి

1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, నందిగామలో పుట్టి 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావు ఈ కృషిలో ఆయనకు తోడ్పడినవారు. మండలి 1908లో మద్రాసుకు తరలింది. అదే సంవత్సరం గాడిచర్ల రాజద్రోహ నేరంపై జైలుపాలయ్యాడు.

మండలి ప్రచురించిన మొదటి పుస్తకం గాడిచర్ల రచించిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర (1907). లింకన్ తండ్రి థామస్ రైతు మాత్రమే కాక వడ్రంగి కూడా. అరలు, తలుపులు అమర్చి ఆయన స్వయంగా తయారుచేసిన మూల బీరువాలు నేటికీ అమెరికా మ్యూజియంలలో ఉన్నాయి. వడ్రంగి కొడుకు ఎరువు తెచ్చుకొన్న పుస్తకాలతో చదువుకొని దేశాధ్యక్షుడు కావడమనే వృత్తాంతం మండలి ఆశయానికి సరిపోయే ఆరంభం.

ఆ తరువాత చరిత్ర, పదార్థ విజ్ఞానం, రసాయనం, జీవశాస్త్రం, ఆరోగ్యం, అర్థశాస్త్రం మొదలైన విషయాలపై పుస్తకాలు వెలువడ్డాయి. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము (1910) ఈ మాలలోనిదే. లక్ష్మణరావు స్వయంగా శివాజీ చరిత్రము, హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము రచించాడు. నవలల పోటీలు నడిపి చారిత్రక నవలలను కూడా మండలి ప్రోత్సహించింది. పుస్తకాలు ప్రధానంగా చందాదారులకు చేరేవి. దీనివలన పుస్తకం ఏదో ఒకసారి కొనే వస్తువుగా కాక, క్రమం తప్పకుండా ఇంటికి వచ్చి వరుసలో చేరే వస్తువుగా మారింది.

ఇంటిలో పుస్తకాల చోటు

ఈ మార్పు ఇంటి సామానులోను కనబడుతుంది. తాటాకు గ్రంథం పొడవుగా, సన్నగా ఉంటుంది. దానికి పైన, కింద చెక్క పలకలు వేసి, త్రాడుతో కట్టి, పడుకోబెట్టి దాచేవారు. అటక మీద పెట్టె, గోడలోని గూడు, లేదా భోషాణం దానికి సరిపోయేవి. వీటిలో అడుగున ఉన్న గ్రంథం కావాలంటే పైవన్నీ తీయాలి. అచ్చు పుస్తకం అలా కాదు. అది నిలువుగా నిలబడుతుంది, వీపు మీద పేరు ఉంటుంది, పక్కదానిని కదపకుండా ఒక్కటే తీయవచ్చు. పుస్తకాలు పదుల సంఖ్యకు చేరిన ఇంటిలో భోషాణం చాలదు. అరలున్న బీరువా అవసరమవుతుంది.

అరలు పైన, సొరుగులు కింద ఉండే బీరువాను ఇంటివద్దనే వడ్రంగిచేత చేయించుకోవడం తెలుగు పల్లెలలో ఉన్న పద్ధతి. దీనికి టేకును మేలైన కలపగా ఎంచుతారు. ఆరినపుడు అది అంతగా వంకర పోదు, చెదలకు కొంతవరకు తట్టుకొంటుంది. కలపను ముందుగా నీడన ఆరబెట్టాలి. ఆరని కలపతో చేసిన సామాను వేసవిలో బిగుసుకొని బీటలు వారుతుంది. వడ్రంగి పలకలను రంపంతో కోసి, చిత్రిక పట్టి, మూలమట్టంతో సరిచూచి, ఉలితో బెజ్జాలు తొలిచి, వాటిలో కుసులను దిగగొట్టి చట్రాన్ని నిలబెడతాడు.

పుస్తకాల బరువు మోయవలసిన అర విషయంలో కొలత ముఖ్యం. మందం మార్చకుండా అర పొడవును రెట్టింపు చేస్తే, నిండుగా పుస్తకాలు పేర్చినపుడు నడుమ వచ్చే వంగుడు పదహారు రెట్లవుతుంది. పొడవు మార్చకుండా మందాన్ని రెట్టింపు చేస్తే వంగుడు ఎనిమిదవ వంతుకు తగ్గుతుంది. అందువలన పొడవైన అర కింద నడుమ ఒక నిలువు పలకను ఆధారంగా పెడతారు. చెక్క నిడివి దిశలో దాదాపు మారదు, అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బి, ఎండకు కుదించుకొంటుంది. కనుక వెనుక పలకను మేకులతో బిగించక గాడిలో వదులుగా కూర్చుతారు. వానాకాలంలో పట్టేయకుండా సొరుగు చుట్టూ కొద్ది సందు వదులుతారు. బీరువాను గోడకు ఆనించక జానెడు దూరంలో నిలిపితే తేమ తగలదు, చెదలు ఎక్కినా కంటబడుతుంది.

పుస్తకానికి, బీరువాకు ఉన్న ఈ సంబంధాన్ని పాశ్చాత్య ప్రచురణకర్తలు వ్యాపారంగా వాడుకొన్నారు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాను వాయిదాల మీద అమ్మినపుడు దానికి కొలిచినట్లు సరిపోయే చెక్క బీరువాను కూడా అందజేసేవారు. 1910-11లో వెలువడిన దాని పదకొండవ కూర్పు 29 సంపుటాలు. తెలుగులో అటువంటి వరుసకు మొదటి సంపుటం కూడా అప్పటికి లేదు.

ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము

1912-13 ప్రాంతంలో లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము పనికి పూనుకొన్నాడు. గాడిచర్ల, ఆచంట లక్ష్మీపతి, మల్లంపల్లి సోమశేఖరశర్మ, రాయప్రోలు సుబ్బారావు వంటివారు ఈ పనిలో సహకరించారు. సంపాదకత్వంతో పాటు అనేక వ్యాసాలను ఆయనే వ్రాశాడు. శాస్త్ర విషయాలకు తెలుగులో పారిభాషిక పదాలు కూడా వ్యాసాలతో పాటే తయారుచేసుకోవలసి వచ్చింది.

సర్వస్వం అకారాది క్రమంలో సాగింది. తెలుగు నిఘంటువులలో అకారం చాలా పెద్దది. సంస్కృతంలో వ్యతిరేకార్థాన్నిచ్చే అకారంతో మొదలయ్యే మాటలు, అగ్ని, అద్వైతం, అశోకుడు, అమెరికా వంటి పెద్ద విషయాలు అన్నీ అందులోనే వస్తాయి. కాబట్టి మూడు సంపుటాలు వెలువడినా మొదటి అక్షరం దాటలేదు. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. అక్షర క్రమంలో సాగే సర్వస్వం పూర్తయితేనే పూర్తిగా ఉపయోగపడుతుంది. మధ్యలో ఆగితే పాఠకునికి ఏ ఒక్క శాస్త్రమూ సంపూర్ణంగా దొరకదు. బెంగాలీలో నాగేంద్రనాథ్ బసు 22 సంపుటాల విశ్వకోశాన్ని 1911 నాటికి ముగించాడు. మరాఠీలో శ్రీధర్ వెంకటేశ్ కేత్కర్ జ్ఞానకోశాన్ని 1920లలో పూర్తిచేశాడు. తెలుగులో ఆర్థిక ఇబ్బందులు, మొదటి ప్రపంచ యుద్ధకాలపు కాగితం కొరత, సంపాదకుని అనారోగ్యం కలిసి పనిని కుంటుపరచాయి.

మరణం

లక్ష్మణరావు చాలాకాలం ఉబ్బసంతో బాధపడ్డాడు. మద్రాసులోని ఆయన ఇంటిలోనే 1919 మే 27న కందుకూరి వీరేశలింగం మరణించాడు. నాలుగేళ్ళ తరువాత, 1923 జూలై 12న లక్ష్మణరావు కూడా మద్రాసులో కన్నుమూశాడు. ఆయన కుమార్తె, అక్క పేరు పెట్టుకొన్న కొమర్రాజు అచ్చమాంబ (1906 - 1964), వైద్యురాలై 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైంది.

అనంతర కాలం

హైదరాబాదులో 1922లో ఏర్పడిన చరిత్ర పరిశోధక మండలికి ఆయన మరణానంతరం లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు పెట్టారు. ఈ మండలి 1935లో తెలంగాణా శాసనములు ప్రచురించింది. ఆయన వ్యాసాలు లక్ష్మణరాయ వ్యాసావళి పేరుతో వెలువడ్డాయి. కాశీనాథుని నాగేశ్వరరావు సర్వస్వాన్ని పునరుద్ధరించడానికి పూనుకొన్నాడు గాని, 1938లో ఆయన మరణంతో అదీ ఆగిపోయింది. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి అకారాది క్రమాన్ని విడిచి, విషయానికొక సంపుటం చొప్పున విజ్ఞాన సర్వస్వాన్ని ప్రచురించింది. ఈ పద్ధతిలో ఒక్కొక్క సంపుటం దానికదే పూర్తి గ్రంథం. తరువాతి సంపుటం ఆలస్యమైనా, అరలో ఉన్నది పాఠకునికి పనికివస్తుంది.

శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం హైదరాబాదు సుల్తాన్ బజారులో సొంత భవనంలో నేటికీ కొనసాగుతున్నది. విజ్ఞాన చంద్రిక ప్రచురణల పాత ప్రతులు పాత గ్రంథాలయాల బీరువాలలో నేటికీ కనబడుతుంటాయి.