పచ్చిక విశ్రాంతిని గుర్తించిన శాస్త్రజ్ఞుడు: ఆంద్రే వాజాన్

విలువ లేని దానిని తృణప్రాయమనుట మన భాషలో చిరకాలముగా వచ్చుచున్న వాడుక. ప్రాణములను తృణప్రాయముగా నెంచిన వీరుల కథలు మన బాలురు బడిలో చదువుచునే యున్నారు. కాని ఆ తృణమునే తన జీవితమునకు పరమార్థముగా నెంచి, అది ఎట్లు పెరుగును, ఎప్పుడు అలయును, ఎంత కాలము విశ్రమించిన పిదప మరల బలము పుంజుకొనును అని ఏండ్ల తరబడి కనిపెట్టి చూచిన మహనీయు డొకడు ఫ్రాన్సు దేశమున నుండెను. ఆయన పేరు ఆంద్రే వాజాన్. నేడు అనేక దేశములలో రైతులు సన్నని విద్యుత్ తీగతో పచ్చిక బయళ్లను చిన్న చిన్న మళ్లుగా విభజించి, పశువులను ఒక మడి నుండి వేరొక మడికి వరుసగా మార్చుచు మేపుచున్నారు. ఆ పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేసిన వారిలో వాజాన్ అగ్రగణ్యుడు.

ఫ్రాన్సు ఉత్తర తీరమున నార్మండీ సీమలో డీప్ అను రేవు పట్టణము గలదు. 1942 ఆగస్టు 19వ తేదీన మిత్రరాజ్యముల సేనలు, అందు ముఖ్యముగా కెనడా సైనికులు, అచ్చట దిగి ఘోర నష్టమునకు గురియైన వృత్తాంతము చరిత్ర చదివిన వారికి తెలియును. ఆ పట్టణముననే 1903వ సంవత్సరమున వాజాన్ జన్మించెను. నార్మండీ సీమ వానలకును, పచ్చికకును, పాలకును, వెన్నకును పేరెన్నిక గన్నది. అయినను ఆయన మొదట అభ్యసించినది వ్యవసాయ శాస్త్రము కాదు. పారిస్ నగరములోని భౌతిక, రసాయన శాస్త్రముల ఉన్నత విద్యాలయమున చదివి పట్టము పొందెను. ఆ చదువు ఆయనకు ఒక గుణము నేర్పెను. కొలిచి చూడనిదే దేనిని నమ్మరాదనునదే ఆ గుణము.

డీప్ సమీపమున ఆయనకు తాలూ అను పేరుగల వ్యవసాయ క్షేత్రముండెను. అదియే ఆయన ప్రయోగశాల. ఆ కాలమున పచ్చికను గూర్చి పరిశోధించు వారు చిన్న చిన్న మళ్లలో గడ్డిని పెంచి, కొడవలితోనో యంత్రముతోనో కోసి, తూచి, ఫలితములు వ్రాయుచుండిరి. పశువులను గూర్చి పరిశోధించు వారు వాటిని కొట్టములో కట్టి, మేత వేసి లెక్కలు కట్టుచుండిరి. గడ్డి నెరిగినవాడు ఆవు నెరుగడు. ఆవు నెరిగినవాడు గడ్డి నెరుగడు. ఈ రెండును ఒకచోట కలియుటయే మేత యని వాజాన్ గ్రహించెను. గంటల కొలది బయలులో నిలిచి, ఆవు నోట గడ్డి ఎట్లు తెగుచున్నదో, అది ఎంతసేపు మేయుచున్నదో గమనించెను. ఆవు దినమునకు సుమారు 8 గంటలు మేయును. గడ్డి తక్కువైనంత మాత్రమున అంతకు మించి శ్రమపడదు. కావున పొట్టిగా, పలుచగా నున్న పచ్చికపై విడిచిన ఆవు ఆ 8 గంటలలో కడుపు నింపుకొనజాలదు. ఆ లోటు సాయంకాలమునకు పాలచెంబులో కానవచ్చును.

ఇక గడ్డి సంగతి. ఆకులు తెగిన గడ్డి వెంటనే ఎదుగజాలదు. ఆకు లేనిదే సూర్యరశ్మి నుండి ఆహారము సమకూరదు. కావున అది వేళ్లలోను, మొదళ్లలోను దాచుకొన్న నిలువను వెచ్చించి మొదట కొన్ని చిన్న ఆకులను తొడుగును. ఆ దశలో పెరుగుదల మందము. ఆకులు కొంత విచ్చుకొనిన పిదప ఎదుగుదల ఒక్కసారిగా ఉప్పొంగును. ఆపై ముదిరి, మరల మందగించును. ఆ ఉప్పొంగు ముగియువరకు ఆగి మేపినచో మేత సమృద్ధిగా లభించును. వేళ్లలో నిలువయు నిండును. అట్లుగాక లేత చిగురును పదే పదే కొరుకనిచ్చినచో, నిలువ తరిగి మొక్క క్షీణించి చచ్చును. పశువుల సంఖ్య కంటె ముఖ్యమైనది కాలమని వాజాన్ చేసిన నిర్ణయమునకు ఇదియే ఆధారము. పది ఆవులైనను ఏడాది పొడుగున ఒకే బయలులో తిరిగినచో బయలు పాడగును. నూరు ఆవులైనను ఒక దినము మేసి, తగినన్ని దినములు దూరముగా నున్నచో అదే బయలు పచ్చగా నిలుచును.

ఈ జ్ఞానమును ఆయన నాలుగు సూత్రములుగా కూర్చెను. ఒక మేతకును మరియొక మేతకును నడుమ గడ్డికి చాలినంత విశ్రాంతి నొసగవలెను. ఒకసారి కొరికిన గడ్డి మరల చిగిర్చి రెండవసారి నోట పడకమునుపే మందను ఆ మడి నుండి తరలింపవలెను. ఎక్కువ పోషణము కావలసిన పశువులకు మేలైన మేత ముందుగా అందునట్లు చూడవలెను. పాడి ఆవులు ముందు మేసి పోయిన పిదప ఒట్టిపోయిన ఆవులు ఆ మడిలో ప్రవేశింపవచ్చును. పాలు నిలకడగా నుండవలెనన్నచో ఆవును ఒకే మడిలో మూడు దినములకు మించి ఉంచరాదు. ఒక్క దినమే యుంచిన మరియు మంచిది.

విశ్రాంతి కాలము అన్ని ఋతువులలో ఒక్కటి కాదు. నార్మండీలో మే, జూన్ నెలలలో 18 దినములు చాలగా, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో అందుకు రెట్టింపు, అనగా 36 దినములు పట్టునని ఆయన లెక్కించెను. ఇచ్చట విద్యార్థులు సులభముగా చేయదగిన లెక్క యొకటి గలదు. విశ్రాంతి 36 దినములు, ఒక మడిలో నివాసము 3 దినములు అనుకొందము. 36ను 3చే భాగింప 12 మళ్లు. మంద మేయుచున్నది మరియొకటి. వెరసి 13 మళ్లు. దినమున కొక మడి మార్చవలెనన్న 37 మళ్లు కావలెను. రైతులు సాధారణముగా చేయు తప్పు ఇచ్చటనే యున్నది. ఎదుగుదల మందగించి మేత తగ్గినప్పుడు, వారు తొందరపడి మందను వెనుకటి కంటె వేగముగా మళ్లన్నిటను త్రిప్పుదురు. ఎక్కువ విశ్రాంతి అవసరమైన వేళ గడ్డికి తక్కువ విశ్రాంతి దక్కును. తొందర వలన కొరత, కొరత వలన మరింత తొందర కలిగి కొద్ది వారములలో బయలు బోడిపడును. ఈ విషవలయమును విడమరచి చూపుట వాజాన్ చేసిన గొప్ప మేలు.

ఇదంతయు తానే కనిపెట్టినట్లు ఆయన చెప్పుకొనలేదు. 18వ శతాబ్దమున స్కాట్లండు దేశస్థుడు జేమ్స్ ఆండర్సన్ పచ్చికను అనేక మళ్లుగా విభజించి మేపుమని వ్రాసియుండెను. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున జర్మనీలోని హోహెన్‌హైమ్‌లో అట్టి ప్రయత్నమే జరిగెను. మరుగుపడిన ఆ పూర్వుల కృషిని వాజాన్ ఆదరముతో పేర్కొనెను.

అయినచో ఇంత మంచి పద్ధతి శతాబ్దములపాటు ఏల వ్యాపింపలేదు? ముప్పదియేడు మళ్లకు కొయ్యతోనో రాతితోనో కంచె కట్టుట ఏ సామాన్య రైతునకు సాధ్యము? ఋతువు మారినప్పుడెల్ల ఆ కంచెను జరుపుట ఎట్లు? ఈ చిక్కును విడదీసినది విద్యుత్ కంచె. 1930ల దశకమున న్యూజీలాండులోని హామిల్టన్ ప్రాంతమున బిల్ గాలఘర్ మొదలగువారు దానిని రైతునకు ఉపయోగపడునట్లు తీర్చిరి. దాని కీలకము ఒక చిన్న పెట్టె. అది సుమారు సెకనున కొకసారి తీగలోనికి వేల వోల్టుల విద్యుత్తును, సెకనులో అత్యల్ప భాగము మాత్రమే నిలుచునట్లు పంపును. తీగను తాకిన పశువు దేహము గుండా విద్యుత్తు నేలకు దిగి, నేలలో పాతిన కడ్డీ ద్వారా మరల పెట్టెను చేరును. పశువు ఉలికిపడును గాని గాయపడదు. ఒకటి రెండు అనుభవములతో తీగకు ఎడముగా నుండుట నేర్చును. తీగను తేలికైన గుంజలకు తగిలించి, చక్రమునకు చుట్టుకొని, ఒక మనిషి కొలది నిమిషములలో వేరొక తావున నిలుపవచ్చును. నేల మిక్కిలి ఎండినచో కడ్డీ సరిగా పనిచేయదు. కలుపు తీగను తాకినచో బలము తగ్గును. ముందు తీగను జరుపుటతో పని ముగియదు. వెనుక తీగ లేనిచో ఆవులు వెనుకకు మరలి నిన్నటి చిగురును కొరుకును. రెండవ సూత్రము భంగమగును. ఒక హెచ్చరిక కూడ అవసరము. మన పల్లెలలో అడవిపందులను ఆపుటకు కొందరు నేరుగా కరెంటు లైను నుండి తీగ లాగుదురు. అది కంచె కాదు, యమపాశము. మనుష్యులను, మూగజీవులను బలిగొనిన ఆ పనికిని, ఈ పరికరమునకును పోలికయే లేదు.

1957లో పచ్చిక ఉత్పాదక శక్తిని గూర్చి వాజాన్ వ్రాసిన గ్రంథము వెలువడెను. 1959లో అది ఆంగ్లమున వచ్చెను. ఫ్రాన్సు వ్యవసాయ పరిషత్తు ఆయనను గౌరవించెను. ఆల్ఫోర్ పశువైద్య కళాశాలలో ఆయన బోధించెను. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. పాత పచ్చిక బయళ్లను దున్ని క్రొత్త విత్తనములు చల్లుటయే అభివృద్ధి యని పలువురు పండితులు చాటుచున్న రోజులవి. దున్నుటకు ముందు మేపు తీరును సరిచేయుడని ఆయన ఎదురు నిలిచి వాదించెను. నేల లోపములు పశువులకును, మనుష్యులకును ఎట్లు రోగకారణములగునో విచారించుచు మరికొన్ని గ్రంథములు వ్రాసెను.

1964లో క్యూబా దేశము నుండి ఆహ్వానము వచ్చెను. ఆయన గ్రంథములను చదివిన ఫిడెల్ కాస్ట్రో ఆయనను రప్పించి ఆదరించెను. భార్యతో కూడ హవానా చేరిన వాజాన్ అచ్చట ఉపన్యాసములు ప్రారంభించెను. కాని ఆ పని ముగియలేదు. డిసెంబరు 21వ తేదీన గుండెపోటుతో ఆయన మరణించెను. అప్పటికి వయస్సు 61 సంవత్సరములు మాత్రమే. నార్మండీ బిడ్డ దేహము స్వదేశమునకు మరలలేదు. హవానాలోని కొలోన్ శ్మశానముననే విశ్రమించినది.

ఆయన సూత్రములు మాత్రము ఆగలేదు. బ్రెజిల్ దేశమున ఆయన పేరు మీదనే ఒక మేత పద్ధతి వ్యాపించెను. జింబాబ్వేకు చెందిన ఆలన్ సేవరీ ఆయన భావములను మెట్ట సీమలకు అన్వయించెను. వాన తక్కువైన విశాలమైన బయళ్లలో ఈ పద్ధతి వలన ఎంత లాభము కలుగునను విషయమున శాస్త్రజ్ఞులలో నేటికిని భేదాభిప్రాయములు గలవు. ఆ వివాదము వాజాన్ ఘనతను తగ్గింపదు. దినముల లెక్కను గ్రుడ్డిగా పాటింపక, ఎదుట నున్న గడ్డిని చూచి నిర్ణయింపుమనుటయే ఆయన బోధలోని సారము.

మనము తృణప్రాయమని త్రోసివేయు దానికి కూడ అలసట గలదు. విశ్రాంతి హక్కు గలదు. ఆ హక్కును కాపాడినవాని పశువు ఆకలి నెరుగదు. తీగను కనిపెట్టినది వేరొకరు. దానిని ఎప్పుడు, ఎందులకు జరుపవలెనో చెప్పినవాడు వాజాన్.