గుల్బర్గా గుమ్మటం కింద: హజ్రత్ ఖ్వాజా బందేనవాజ్ (రహ్మ)

బందేనవాజ్ అనే పేరు మన ఇళ్లకు కొత్తది కాదు. తాతగారికో, మేనమామకో, పక్కింటి పిల్లవాడికో ఆ పేరు ఉంటూనే ఉంటుంది. గుల్బర్గా వెళ్లి ఆయన దర్గాను చూసి వచ్చినవారూ మనలో చాలామందే. కాని ఆ గుమ్మటం కోట పక్కన కాకుండా అంత దూరంలో ఎందుకు లేచిందో తెలిసినవారు తక్కువ.

ఆయన అసలు పేరు సయ్యద్ ముహమ్మద్ హుసైనీ. 1321లో ఢిల్లీలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులతో దౌలతాబాద్ చేరారు. తండ్రిగారి సమాధి ఆ పక్కనే ఖుల్దాబాద్‌లో ఉంది. తర్వాత ఢిల్లీకి తిరిగి వెళ్లి హజ్రత్ నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ (రహ్మ) శిష్యులయ్యారు. ఒకసారి గురువుగారి పల్లకి మోస్తుండగా తన పొడవాటి జుట్టు అందులో చిక్కుకుందట. ఆపమనడం అమర్యాద అని ఆ బాధతోనే నడిచారట. అందుకే గేసూదరాజ్ అన్న పేరు వచ్చిందంటారు.

1398లో తైమూర్ దండయాత్ర వేళ ఢిల్లీని వదిలారు. గ్వాలియర్, గుజరాత్, దౌలతాబాద్ మీదుగా బహమనీల రాజధాని గుల్బర్గాకు వచ్చేసరికి ఆయనకు ఎనభై ఏళ్లు కావస్తున్నాయి. మనమైతే ఆ వయసులో విశ్రాంతి కోరుకుంటాం. ఆయన ఖురాన్, హదీసు, తసవ్వుఫ్ బోధించడానికి కూర్చున్నారు.

సుల్తాన్ ఫిరోజ్‌షా స్వయంగా పండితుడు. ఖ్వాజాను ఆదరంగానే ఆహ్వానించాడు. అయితే తన తర్వాత కుమారుడు హసన్‌ఖాన్‌ను గద్దెనెక్కించాలని, అందుకు ఖ్వాజా దీవెన కావాలని ఆశించాడు. ఖ్వాజా ఒప్పుకోలేదు. రాజ్యం సుల్తాన్ తమ్ముడు అహ్మద్‌కే రాసిపెట్టి ఉందన్నది ఆయన మాట. సుల్తాన్ మనసు విరిగింది. కోట దగ్గర జనం గుమిగూడుతున్నారన్న కారణం చూపి, ఖాన్‌ఖాను అక్కడి నుంచి తీసివేయమన్నాడు. ఖ్వాజా వాదించలేదు, మాట మార్చుకోనూ లేదు. ఊరికి దూరంగా వెళ్లిపోయారు. నేటి దర్గా ఉన్నది ఆ చోటనే.

1422లో గద్దె అహ్మద్‌షాకు దక్కింది. ఫిరోజ్‌షా ఆ ఏడే కన్నుమూశాడు. నవంబర్ 1న ఖ్వాజా కూడా పరమపదించారు. హిజ్రీ లెక్కన ఆయన వయసు 104 ఏళ్లు.

సమాధి మీద గుమ్మటాన్ని అహ్మద్‌షా కట్టించాడు. చతురస్రాకారపు కట్టడం. బయటి గోడల మీద రెండు వరుసల కమానులు ఉండడంతో రెండంతస్తుల మేడలా కనిపిస్తుంది. పైన ఒకే పెద్ద గుమ్మటం. లోపల రంగుల చిత్రణ, తర్వాతి కాలపు అద్దాల పని ఉన్నాయి. విచిత్రమేమిటంటే ఈ రెండు వరుసల కమానుల తీరు ఫిరోజ్‌షా సమాధి నుంచి వచ్చినదే. ఆ సమాధి ఎంతో దూరంలో లేదు, దర్గాకు దగ్గర్లోనే హఫ్త్ గుంబజ్‌లో ఉంది. జిల్‌ఖద్ నెలలో ఉర్సుకు వెళ్లే మనవాళ్లు కాస్త తీరిక చేసుకుంటే రెండూ ఒకే పూటలో చూసి రావచ్చు.