రాజా దీనదయాళు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారు పెన్నానది యొడ్డున నున్న గండికోటను చూడబోయినప్పుడు, చేతిలోని సెల్‌ఫోనుతో నిమిషములో పది చిత్రములు తీయుదురు. బాగుగా రానివానిని చెరిపివేయుదురు. దీనికి పైసా ఖర్చు లేదు. నూటనలువది యేండ్ల క్రిందట ఇట్టి కోటను చిత్రింపవలెనన్న బరువైన కెమెరాపెట్టె, ముక్కాలిపీట, గాజుపలకల పెట్టెలు, వానిని మోయు మనుష్యులు కావలసియుండిరి. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క గాజుపలక వ్యయమగుచుండెను. ఆ దినములలో హైదరాబాదు రాజ్యపు కోటలను, భవనములను, దర్బారులను చిత్రించి కీర్తి గడించినవాడు రాజా దీనదయాళు.

ఆయన 1844వ సంవత్సరమున మీరట్టు సమీపమందలి సర్ధనా గ్రామమున జైనకుటుంబములో జన్మించెను. రూర్కీలోని ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరున పటములు గీయు ఉద్యోగమున చేరెను. 1874 ప్రాంతమున ఛాయాచిత్రకళపై ఆయన మనసు నిలిచెను.

ఆ కాలపు పద్ధతి ఎంత కష్టమైనదో నేటివారు ఊహింపలేరు. గాజుపలకపై కొలోడియన్ అను జిగురుద్రవమును పూసి, వెండిలవణము కలిపిన నీటిలో ముంచి, తడి ఆరకమునుపే చిత్రము తీసి, వెంటనే చీకటిగుడారములో కడుగవలెను. మన ఎండలకు తడి ఎంతసేపు నిలుచును? అదృష్టవశమున 1871లో మాడాక్స్ అను ఆంగ్లేయ వైద్యుడు జెలటిన్ పూతతో పొడిపలకలను చేయు మార్గము కనిపెట్టెను. కొన్నియేండ్లకు వానిని కర్మాగారములలో చేసి అమ్మసాగిరి. పూతవైపులు ఎదురెదురుగా నుండునట్లు జతపరచి, వెలుతురు చొరనీయని కాగితమున చుట్టి, డజను చొప్పున అట్టపెట్టెలలో సర్దుచుండిరి. సీమనుండి ఓడపై వచ్చు ఆ పెట్టె దారిలో క్రింద పడినచో పలకలు పగులును. తేమ తగిలినచో పూత చెడును. తెలియక వెలుతురులో తెరచినచో పండ్రెండు పలకలును ఒక్కసారిగా వ్యర్థమగును.

చిత్రమును పెద్దదిగా చేయు సాధనములు అప్పుడు అరుదు. పలక యెంతయో ముద్రించిన చిత్రమును అంతయే. కావున పెద్ద చిత్రము కోరువాడు పెద్ద పలకనే కొనవలెను. పలక పొడవు, వెడల్పు రెట్టింపైనచో గాజును, పూతలోని వెండియు నాలుగురెట్లగును! అందుచేతనే ఆనాటివారు ఎండ, నీడ, నిలుచుచోటు అన్నియు చక్కగా చూచుకొని, తరువాతనే కెమెరా మూత తీయుచుండిరి. దీనదయాళుని చిత్రములలోని నిండుదనమునకు ఇదియు నొక కారణమని నాకు తోచును.

ఇంత వ్యయముగల విద్యను నమ్ముకొని, ఆయన స్థిరమైన జీతమును వదలుకొనెను. ఇది సామాన్యమైన సాహసము కాదు. ఆరవ నిజాము మహబూబు ఆలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, తరువాత రాజా బిరుదము నొసగెను. 1886లో సికింద్రాబాదున చిత్రశాల వెలసెను. పరదాలోనుండు స్త్రీలకొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేకశాల తెరవబడెను. దానిని ఒక ఆంగ్లవనిత నడిపెను. 1896లో బొంబాయిలోను శాల స్థాపితమయ్యెను. ప్రతి పలకకును సంఖ్య వేయించుట ఆయన ఆచారము. ఆ సంఖ్య చెప్పినచో ఎన్నియేండ్లకైనను అదే చిత్రమును తిరిగి ముద్రించి ఇయ్యవచ్చును. అనగా కొన్ననాడు ఖర్చైన పలకయే తరువాత దాచుకొన్న ధనమయ్యెను.

1888లో అమెరికాలో కార్బట్ అనునతడు గాజునకు బదులు సెల్యులాయిడ్ రేకులపై పూత పూసి అమ్మెను. అవి తేలికైనవి, పగులవు. కాని సులభముగా నిప్పంటుకొనును. క్రమముగా రేకులే గాజుపలకల స్థానము నాక్రమించెను.

దీనదయాళు 1905వ సంవత్సరము జూలై 5వ తేదీన మరణించెను. ఆయన పలకలలో 2,857 పలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. వానిని వెలుతురునకు ఎదురుగా పట్టినచో తెల్లని తలపాగాలు నల్లగను, నల్లని గడ్డములు తెల్లగను కనబడును.