పరదేశంలో స్వదేశపు కంచం: రాస్‌బిహారీ బోస్

నాంపల్లి వైపు నుండి ఉస్మాన్‌గంజ్‌లో అడుగుపెట్టే బాటసారికి అంగడి కంటబడక మునుపే దాని వాసన ఎదురువస్తుంది. ఎండుమిరప, ధనియాలు, పసుపు, జీలకర్ర నిండిన గోనెసంచులు, వాటిని మోసే హమాలీలు, లెక్కలు రాసుకునే గుమాస్తాలు మనకు నిత్యపరిచితులు. నిత్యం చూసేదానిని మనం గమనించము. అయితే ఈ దినుసుల వాసనే ఒక మనిషికి పోగొట్టుకున్న మాతృభూమిగా మిగలగలదు. అటువంటి ఒక మహనీయుని జీవితాన్ని ఈ సంచికలో మా విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచాము.

నేడు మన నగరపు యువతకు రామెన్ అనే జపాను వంటకం పేరు కొత్త కాదు. పెద్ద గిన్నెలో వేడి పులుసు, అందులో గోధుమపిండి సేవలు, పైన మాంసపు ముక్కలు. దీనిని జపానువారి సొంత సొత్తుగా లోకం భావిస్తున్నా, ఇది చీనా వంటవారితో యోకొహామా రేవు మీదుగా వచ్చిన అతిథి. 1910లో టోక్యో నగరంలోని అసాకుసాలో రైరైకెన్ అనే భోజనశాల యోకొహామా నుండి చీనా వంటవారిని రప్పించి, సామాన్యులకు ఈ గిన్నెను అందించి పేరు గడించింది. అదే టోక్యోలో 17 ఏళ్ళ తరువాత మన దేశపు కూర కూడా ఒక భోజనశాలలో గౌరవస్థానం పొందింది. దానిని అక్కడికి చేర్చినవారు వంటవారూ కారు, వ్యాపారీ కారు. ఆయన తలదాచుకోవడానికి వెళ్ళిన విప్లవవీరుడు రాస్‌బిహారీ బోస్.

బోస్ 1886 మే 25న బెంగాల్‌లోని బర్ద్వాన్ జిల్లా సుబల్‌దహా గ్రామంలో జన్మించారు. బాల్యంలో కొంతకాలం ఫ్రెంచివారి ఏలుబడిలోని చందర్‌నగర్‌లో గడిచింది. తరువాత డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో గుమాస్తాగా కుదిరారు. పగలు ప్రభుత్వోద్యోగం, తెర వెనుక విప్లవ సంఘటన. 1912 డిసెంబరు 23న ఢిల్లీ చాందినీచౌక్‌లో ఏనుగుపై ఊరేగుతున్న వైస్రాయి హార్డింజ్‌పై బాంబు పడింది. వైస్రాయి గాయాలతో బయటపడ్డాడు. ఆ కుట్రకు సూత్రధారి బోస్ అని ప్రభుత్వం గుర్తించేసరికి ఆయన అజ్ఞాతంలోకి వెళ్ళిపోయారు. 1915 ఫిబ్రవరిలో సైనికుల తిరుగుబాటుకు ఆయన, గదర్ వీరులు వేసిన పథకం ముందుగానే బయటపడి విఫలమయింది.

ఇక స్వదేశంలో నిలువనీడ లేదు. 1915 మే నెలలో మహాకవి రవీంద్రుని బంధువునని చెప్పుకొని, ప్రియనాథ్ టాగోర్ అనే మారుపేరుతో కలకత్తాలో సనుకి మారు అనే జపాను ఓడ ఎక్కారు. అదే మే నెలలో ఢిల్లీ కుట్ర కేసులో అమీర్‌చంద్, అవధ్‌బిహారీ, బాల్‌ముకుంద్, వసంతకుమార్ బిశ్వాస్ ఉరికంబమెక్కారు. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన ఉంచి చూచినప్పుడే బోస్ శేషజీవితపు బరువు మనకు అర్థమవుతుంది. సహచరులు ప్రాణాలర్పించారు, తాను బ్రతికి బయటపడ్డారు. బ్రతికినందుకు ఏదో ఒకటి చేసి తీరవలసిన ఋణం ఆయన నెత్తిన నిలిచింది.

జపానులోనూ శాంతి దొరకలేదు. ఆనాడు జపాను ఆంగ్లేయులకు మిత్రదేశం. వారి ఒత్తిడికి లొంగి, అయిదు దినాలలో దేశం విడిచిపోవాలని జపాను ప్రభుత్వం 1915 నవంబరు చివర బోస్‌కు ఉత్తరువిచ్చింది. ఓడ ఎక్కితే ఆంగ్లేయుల చేతికి చిక్కడం తథ్యం. గడువు ముగియనున్న డిసెంబరు 1వ తేదీ రాత్రి, జాతీయవాద నాయకుడు తోయామా మిత్సురు ఇంటి నుండి ఆయనను, తోటి విప్లవకారుడు హేరంబలాల్ గుప్తాను రహస్యంగా తప్పించారు. వారు చేరినది ఏ కోటకో కాదు, షింజుకు ప్రాంతంలోని ఒక రొట్టెల దుకాణం వెనుక గదికి.

ఆ దుకాణం పేరు నకమురాయా. సోమా ఐజో, ఆయన భార్య కొక్కో 1901లో దానిని స్థాపించారు. చిత్రకారులకు, శిల్పులకు, రచయితలకు ఆ దంపతుల ఇల్లు ఆశ్రయం. రాజకీయాలతో పని లేని ఆ గృహస్థులు, పోలీసులు వెదుకుతున్న ఒక అపరిచితుని తమ ఇంట దాచారు. పట్టుబడితే దుకాణమూ పరువూ దక్కవు. అయినా ఇంటివారూ పనివారూ నెలల తరబడి ఆ రహస్యం కాపాడారు. మన వైపు అతిథికి పెట్టే ముద్దను పుణ్యమంటాము. ఆ దంపతులు ముద్దతో పాటు ప్రాణభిక్ష కూడ పెట్టారు.

1916లో ఉత్తరువు రద్దయినా ఆంగ్లేయుల వేగులు వెంటాడుతూనే ఉన్నందున బోస్ ఇళ్ళు మారుతూ బ్రతికారు. 1918లో సోమా దంపతుల కుమార్తె తొషికో ఆయనను వివాహమాడింది. వేటాడబడే మనిషిని కోరి కట్టుకొనడం ఆ యువతి సాహసం. కుమారుడు, కుమార్తె జన్మించారు. 1923లో బోస్‌కు జపాను పౌరసత్వం లభించి, దాగవలసిన అవసరం తీరింది. కాని సుఖం నిలువలేదు. 1925లో తొషికో ముప్పై ఏళ్ళు నిండకుండానే కన్నుమూసింది. బోస్ మరల వివాహం చేసుకోలేదు.

కూర కథ ఈ దుఃఖం తరువాతనే ఆరంభమవుతుంది. షింజుకులో పెద్ద అంగళ్ళు వెలసి పోటీ పెరిగింది. కొనుగోలుకు వచ్చినవారు కాసేపు కూర్చుని తినడానికి చోటు కావాలని కోరుతుండేవారు. నకమురాయా భోజనశాల తెరవదలచినప్పుడు, భారతదేశపు కూర వడ్డించాలని అల్లుడు సూచించారు. కూర అన్న పేరు అప్పటికే జపానులో పాతది. కాని అది ఆంగ్లేయుల ద్వారా వచ్చినది. పొడి కలిపి, గోధుమపిండితో చిక్కబరచి, అన్నంపై పోసే పులుసు. అది భారతీయుల కూర కాదని బోస్ అభిప్రాయం. దేశాన్ని ఆక్రమించినవారే దేశపు రుచికి కూడ ప్రతినిధులు కావడం ఆ విప్లవకారునికి ఎట్లా సహిస్తుంది?

1927 జూన్‌లో ఆ భోజనశాల తెరుచుకుంది. విడివిడి మసాలా దినుసులతో, ఎముకతో కూడిన కోడిమాంసంతో వండిన కూర అది. సాధారణ హోటళ్ళలో కూర అన్నం 10, 12 సెన్‌లకు దొరికే రోజులలో ఇక్కడ 80 సెన్‌లు. అయినా జనం వచ్చారు. బియ్యం విషయంలో మాత్రం జపానువారి నాలుకను మన్నించక తప్పలేదు. పొడుగు గింజల పలుకు అన్నం వారికి రుచించనందున, వారి దేశపు మేలురకం బియ్యమే కూరకు జోడయింది. దినుసులలో రాజీపడక, అన్నంలో ఎదుటివారిని మన్నించిన ఈ విధానం మాకు వంటకు మాత్రమే చెందినదిగా తోచదు.

బోస్ తన ప్రధాన కార్యాన్ని మరువలేదు. పత్రికలు, గ్రంథాలు, సభల ద్వారా భారత స్వాతంత్ర్యం కోసం వాదించారు. 1942లో టోక్యో, బ్యాంకాక్ సమావేశాల ద్వారా భారత స్వాతంత్ర్య సంఘానికి నాయకులయ్యారు. 1943 జూలై 4న సింగపూరులో ఆ నాయకత్వాన్ని సుభాష్‌చంద్ర బోస్‌కు అప్పగించి తాను పక్కకు తప్పుకున్నారు. జర్మనీ నుండి జలాంతర్గామిలో సుభాష్ బాబు వెంట ప్రయాణించి ఆసియాకు చేరిన ఏకైక భారతీయ సహచరుడు మన హైదరాబాదు ముద్దుబిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ అన్న సంగతి మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

మహనీయుని గుణాలు చెప్పి దోషాలు దాచడం జీవితచరిత్ర ధర్మం కాదు. బోస్ ఏ జపానును నమ్ముకున్నారో ఆ జపాను అప్పటికే కొరియాను చెరబట్టి, చీనాపై దండెత్తిన సామ్రాజ్యం. తన దేశపు సంకెళ్ళను తెంచడానికి మరొకరి మెడకు సంకెళ్ళు వేసినవారి సాయం కోరారన్న విమర్శ ఆయనపై ఉన్నది. ఆయన జపాను మనిషి అయిపోయారన్న అనుమానంతో 1942లో భారత జాతీయ సైన్యంలోనే చీలిక ఏర్పడింది. ఆశ్రయమిచ్చిన ఇంటిపై కృతజ్ఞత, ఆ ఇల్లున్న రాజ్యం చేసే అన్యాయం, ఈ రెంటి నడుమ ఆయన మూడు దశాబ్దాలు జీవించారు. ఆ స్థితిలో తామైతే ఏమి చేసేవారో మన విద్యార్థులు ఆలోచించాలని మా కోరిక.

1945 జనవరి 21న, స్వాతంత్ర్యానికి రెండున్నరేళ్ళు ముందుగా, బోస్ టోక్యోలో తుదిశ్వాస విడిచారు. అదే సంవత్సరం ఆయన కుమారుడు ఒకినావా యుద్ధంలో జపాను సైనికునిగా మరణించాడు. కలకత్తా రేవు విడిచిన తరువాత బోస్ మరల స్వదేశపు నేల త్రొక్కలేదు. 1967లో మన తపాలాశాఖ ఆయన స్మారకంగా బిళ్ళ విడుదల చేసింది.

షింజుకులో నకమురాయా నేటికీ ఆ కూర వడ్డిస్తున్నది. రాజ్యాలు మారాయి, ఒప్పందాలు చెరిగిపోయాయి, ఆ కంచం మిగిలింది. మన కళాశాలలో ఒకరు కూర అన్నదానిని మరొకరు సాలన్ అంటారు. పేరు రెండు, పొయ్యి మీది వాసన ఒకటే. చదువు ముగించి దూరదేశాలకు వెళ్ళే మా విద్యార్థులు ఉస్మాన్‌గంజ్ నుండి కట్టించుకొనే మసాలా పొట్లంతో పాటు ఈ కథను కూడ వెంట తీసుకువెళ్ళాలని, తాము చేరిన చోట తమకు అన్నం పెట్టిన చేతిని మరువక, తమ ఇంటి రుచిని చులకన కానీయక మెలగాలని ఆశిస్తున్నాము.