ఔషధ పరిరక్షకుడు రామ్‌నాథ్ చోప్రా

వైద్యుడు ఎంతటి నిపుణుడైనా, రోగనిర్ణయం ఎంత నిర్దుష్టమైనా, ఇచ్చిన మందు నకిలీదైతే రోగికి రక్షణ లేదు. ఈ సత్యాన్ని గుర్తించి, భారతదేశంలో మందుల నాణ్యతకు చట్టబద్ధమైన కట్టుబాటు ఏర్పడడానికి బాటలు వేసిన శాస్త్రవేత్త సర్ రామ్‌నాథ్ చోప్రా. భారతీయ ఔషధశాస్త్ర పితామహులుగా ఆయన ప్రసిద్ధులు.

చోప్రా 1882 ఆగస్టు 17న, నేటి పాకిస్తాన్‌లోని గుజ్రన్‌వాలాలో జన్మించారు. లాహోరులో కళాశాల విద్య ముగించి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యను అభ్యసించారు. 1908లో ఇండియన్ మెడికల్ సర్వీసుకు ఎంపికయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తూర్పు ఆఫ్రికాలో సైనిక వైద్యునిగా సేవలందించారు. 1921లో కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఔషధశాస్త్ర ఆచార్యులయ్యారు.

ఆనాడు దేశమంతటా మలేరియా ప్రబలి ఉండేది. దానికి క్వినైన్ ప్రధానమైన మందు. కాని అంగళ్లలో అమ్మే క్వినైన్‌లో కల్తీ పెచ్చుమీరింది. కొన్ని బిళ్లలలో ఉండవలసినంత మందు ఉండేది కాదు. విదేశాల నుండి నాసిరకం ఔషధాలు యథేచ్ఛగా దిగుమతి అయ్యేవి. వాటిని అరికట్టే సమగ్రమైన చట్టం లేదు. మందులు కలిపి ఇచ్చేవారికి నిర్ణీతమైన శిక్షణా లేదు. మందు మింగానన్న ధైర్యంతో ఉన్న రోగిని జ్వరం లోలోపలే కబళించే దుస్థితి అది.

ఈ పరిస్థితిని పరిశీలించడానికి ప్రభుత్వం 1930లో చోప్రా అధ్యక్షతన ఔషధ విచారణ సంఘాన్ని నియమించింది. ఆ సంఘం 1931లో నివేదిక సమర్పించింది. మందుల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని చట్టం ద్వారా నియంత్రించాలనీ, పరీక్షాశాలలు నెలకొల్పాలనీ, శిక్షణ పొంది నమోదైన వారే మందులు కలిపి ఇవ్వాలనీ సూచించింది. అయితే ఆ సూచనలు వెంటనే ఫలించలేదు. 1937లో కలకత్తాలో ఔషధ ప్రమాణ నిర్ణయ పరీక్షాశాల ఏర్పడింది. 1940లో ఔషధ చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి.

చోప్రా దేశీయ వైద్యాన్ని తృణీకరించలేదు; అలాగని దానిని గుడ్డిగానూ నమ్మలేదు. సర్పగంధ వంటి మూలికల గుణాలను సహచరులతో కలిసి ప్రయోగశాలలో పరీక్షించారు. దేశీయ ఔషధాలపై ఆయన రచించిన గ్రంథం 1933లో వెలువడింది. ప్రాచీనమైనా, నవీనమైనా, ప్రతి మందూ పరీక్షకు నిలవాలన్నదే ఆయన దృక్పథం.

1973 జూన్ 13న చోప్రా కన్నుమూశారు. నేడు మందు పెట్టెపై తయారీదారు పేరు, తయారీ సంఖ్య, గడువు తేదీ తప్పక ముద్రించాలి. రోగికి రక్షణ కల్పించే ఈ నియమాల వెనుక ఆ మహనీయుని కృషి ఉంది.